తువ్వాల కింద బేరం

పిల్లనిచ్చిన మా మామ ముఖం మీదికి ఏ భావమూ వచ్చేది కాదు. వచ్చి వెళ్లిపోవడం కాదు, అసలు ఆ దారిన పోయేదే కాదు. ఆయన పెళ్లి ఫొటో చూశాను. పక్కన మా అత్త తల వంచుకుని కూర్చుంది. ఆయన మాత్రం పళ్లు చూపించనని మొండికేసిన కోడెలా కెమెరా వైపు చూస్తున్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్లలో తీసిన ప్రతి ఫొటోలోనూ అదే ముఖం. నా పెళ్లి ఫొటోలోనూ అదే. నన్ను చూసి సంతోషించాడో, ఉన్నదాంతో సరిపెట్టుకున్నాడో ఆయన బతికి ఉండగా నాకు తేలలేదు.

దానికి కారణం ఆయన వృత్తి. మా మామ పశువుల బేరగాడు. తిరుమలాయపాలెం వైపు పల్లెల నుంచి అడవి అంచు దాకా ఎక్కడ సంత జరిగినా ఆయన తువ్వాల అక్కడ ఉండేది. తువ్వాల అంటే ముఖం తుడుచుకునేది అనుకునేవారు సంత చూడనివారు. ఆయన తువ్వాల నీలి గళ్లది, దుప్పటికి చెల్లెలంత ఉండేది. దాని కింద ఆయన నడిపిన బేరాలలో చేతులు మారిన ఎడ్లను వరసగా నిలబెడితే మొదటిది భద్రాచలంలో గోదావరి నీళ్లు తాగుతుంటే చివరిది బోనకల్ స్టేషనులో రైలుకు అడ్డం పడి ఉండేదని నా అంచనా.

ఆ బేరం జరిగే పద్ధతి ఇది. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుని అంకెలు చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, అయిదూ కలిపి పడితే అయిదు, ఇంకా పెద్ద అంకె కావాలంటే వదిలి మళ్లీ పట్టాలి. మణికట్టు పట్టి ఒకసారి బిగిస్తే బేరం ముగిసినట్టు, ఇక మాట లేదు. చుట్టూ వందమంది నిలబడి చూసినా లోపల ఏ అంకె నడిచిందో తెలియదు. తువ్వాల పైన ఏమైనా అనవచ్చు. ఎద్దును మేక అనవచ్చు, అవతలివాడి తాతను తిట్టవచ్చు, వానల గురించి మాట్లాడవచ్చు. కాని తువ్వాల కింద రెండు నియమాలు ఉన్నాయి. లోపల వేలు అబద్ధం చెప్పకూడదు. లోపల చెప్పింది మూడో మనిషికి చెప్పకూడదు.

ఆ రెండో నియమాన్ని నేను తప్పాను. ఆ సంగతి చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్లు అయి ఉంటుంది. ఎండాకాలం. నేను ఖమ్మంలో ఒక కోచింగు కాలేజీలో టైపిస్టుని. ఎండాకాలం వస్తే టైపిస్టుల్ని, వాచ్‌మన్లని, లెక్చరర్లని ఒకే జీపులో కుక్కి, పిల్లల్ని చేర్పించమని ఊళ్ల మీదికి వదిలేవారు. ఆ జీపు నుంచి తప్పించుకోవడానికి నేను దేవుణ్ని కోరని అనారోగ్యం లేదు. దేవుడు విన్నాడు కాని చిరునామా తప్పుగా రాసుకున్నాడు. జబ్బు మామకు వచ్చింది.

అడవి అంచున మిషన్ వాళ్ల దవాఖానా ఒకటి ఉండేది. మామకు కుడి డొక్కలో నొప్పి లేచి, పచ్చగా వాంతి చేసుకుంటే అక్కడ చేర్చారు. మా అత్త, నేను తోడున్నాం. డాక్టరమ్మ చూసి, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయని, అది వాచిందని అన్నది. నన్ను వరండాలోకి పిలిచి మిగతాది చెప్పింది. అయిదు రోజులు మందులు ఎక్కిస్తారు. నొప్పి తగ్గితే ఇంటికి పోవచ్చు, నెల రెండు నెలలు ఆగి తీరిగ్గా ఆపరేషన్ చేయించుకోవచ్చు. తగ్గకపోతే అది లోపలే పగులుతుంది, పగిలితే మనిషి దక్కడు, వెంటనే ఖమ్మం తీసుకుపోయి కోయించాలి. కడుపు లోపలికి చూసే మిషను ఆ దవాఖానాలో లేదు. జ్వరం మందులకు అణిగింది. కాబట్టి నొప్పి ఉందా లేదా అన్నది రోగి నోటి వెంట రావలసిందే.

అలా మా మామ ప్రాణం ఆయన నిజం చెప్పడం మీద ఆధారపడింది. ముప్పై అయిదేళ్లు కుంటి ఎద్దును నడిపించి అమ్మిన మనిషి మీద.

ప్రతి పొద్దునా సిస్టరమ్మ వచ్చి పదికి నొప్పి ఎంత తాతా అని అడిగేది. ఏమీ లేకపోతే సున్నా, ఓర్వలేకపోతే పది. మామ పైకప్పు వైపు చూస్తూ సున్నా అనేవాడు. డాక్టరమ్మ వచ్చి డొక్క మీద చేయి పెట్టి నొక్కేది. ఆ నొక్కుడికి పక్క మంచం రోగి అబ్బా అనేవాడు కాని మా మామ కనురెప్ప కదిలేది కాదు. ఖమ్మం అన్న మాట వింటే మాత్రం ఆయన గోడ వైపు తిరిగేవాడు. ఆయన తమ్ముడు ఆపరేషన్‌కని ఖమ్మం నడిచి వెళ్లి, వ్యానులో పడుకుని తిరిగి వచ్చాడు. ఆ వ్యాను నుంచి శవాన్ని దించిన చేతులలో మామ చేతులు కూడా ఉన్నాయి.

నాకు ఆయన మాట నమ్మాలనే ఉండేది. సున్నా అంటే నేనూ హాయిగా ఉంటాను కదా.

మధ్యాహ్నాలు గడవడం కష్టంగా ఉండేది. ఆ దవాఖానాలో ఎండ ఎంతటిదంటే నీళ్ల కుండ కూడా నీడ కోసం జరిగేది. సెల్‌ఫోనుకు సిగ్నలు కావాలంటే నీళ్ల ట్యాంకు నిచ్చెన ఏడో మెట్టు ఎక్కాలి, ఎనిమిదో మెట్టుకు మళ్లీ పోయేది. రెండో రోజు నా సంచి అడుగున పత్తాల కట్ట, అదే పేక, దొరికింది. అది మా కాలేజీ లెక్కల లెక్చరరుది. ఆయన సంభావ్యత పాఠం చెప్పడానికని పిల్లలకు పోకర్ నేర్పాడు. పిల్లలకు పాఠం బాగా ఎక్కింది. ఎంత బాగా అంటే మూడో వారానికి మేనేజ్‌మెంటు ఆ కట్టను జప్తు చేసి, దాచమని నాకిచ్చింది. దాచడంలో భాగంగా నేనూ ఆట నేర్చుకున్నాను. అందులో కళావరు రాణి పోయింది. దానికి బదులు మందు గోళీల డబ్బా అట్ట కత్తిరించి బొమ్మ గీసుకున్నాం. ఆ ముక్కను వెనక నుంచి చూసినా, చీకట్లో తడిమినా, కళావరు రాణి అని ప్రపంచానికి తెలిసేది.

మా అత్త ప్రార్థనలకు పోయే మనిషి. పత్తాలు చూడగానే బైబిలు తీసి కట్టకూ మామకూ మధ్యలో పెట్టింది. పైసలు లేవు అత్తా, చింతగింజలతో ఆడతాం అని బతిమాలాను. ఆమె ఆలోచించి, పైసలు లేకపోతే పాపం సగమే అవుతుందని తీర్పు చెప్పి, ఆ సగం పాపానికి సరిపడా చింతగింజలు ఆమే వంటశాల నుంచి అడిగి తెచ్చింది.

పక్క మంచం మీద ఉన్నది అడవి పల్లె మనిషి. తేనె తీయడానికి చెట్టెక్కి, పడి, తొడ ఎముక విరిగి, కాలికి ఇటుకలు వేలాడదీస్తే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తనవాళ్లు వస్తే వాళ్ల భాషలో మాట్లాడేవాడు, మాతో తెలుగు. మామ ఆయన్ను మొదటి రోజే బావా అన్నాడు. ఆయనా తిరిగి బావా అన్నాడు. మంచాలు దగ్గరికి జరిపి ముగ్గురం ఆటకు కూర్చున్నాం. కూర్చున్నది నేనొక్కణ్నే, వాళ్లిద్దరూ పడుకున్నారు.

నేను ఆట చెప్పాను. ముందుగా అందరూ తలా ఒక గింజ మధ్యలో వేయాలి. ఒక్కొక్కరికి అయిదు ముక్కలు మూసి పంచాలి. ఎవరివి వారే చూసుకోవాలి. ముక్కలు బాగుంటే గింజలు పెంచవచ్చు. ఎదుటివాడు పెంచినంత తానూ వేసి నిలబడవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. ఆ చుట్టు అయ్యాక పనికిరానివి మూడు దాకా ఇచ్చి కొత్తవి తీసుకోవచ్చు. మళ్లీ ఒక చుట్టు గింజలు. చివరిదాకా నిలబడ్డవాళ్లు ముక్కలు తిప్పి చూపించాలి. పెద్ద ముక్కలవాడు కుప్ప ఎత్తుకుంటాడు. అందరూ తప్పుకుంటే మిగిలినవాడు ముక్కలు చూపించకుండానే ఎత్తుకుంటాడు. కాబట్టి చేతిలో చెత్త ఉన్నా ముఖం మీద రాజులున్నట్టు కూర్చుని, భయపెట్టి గెలవవచ్చు.

మామ అంతా విని తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు. ఎందుకు మామా అంటే గింజలెన్నో లోపల చెప్పడానికట. కాదు, గింజలు పైకి చెప్పాలి, ముక్కలు దాచాలి అన్నాను. ఆయన ముఖం మారలేదు కాని గొంతు మాత్రం నొచ్చుకుంది.

“సరుకేమో మూసిపెట్టి, ధరేమో ఊరికంత వినబడేటట్టు జెప్పుడు. గిది ఏం బేరం అల్లుడా?”

ఆ ప్రశ్న లెక్కల లెక్చరరును అడగవలసినది. నేను తువ్వాల తీసి ఆయన తలగడ పక్కన పెట్టాను.

తర్వాత ముక్కల హోదాలు చెప్పాను. ఒకే అంకెవి రెండు వస్తే జత. దానికన్నా రెండు జతలు గొప్ప. దానికన్నా ఒకే అంకెవి మూడు గొప్ప. ఇక్కడ మామ ఆట ఆపేశాడు. రెండు జతలంటే రెండు జోళ్ల ఎడ్లు, రెండు నాగళ్లు నడుస్తాయి. మూడు ఎడ్లున్నవాడు ఒక జోడు కట్టి మూడోదాన్ని ఏం చేసుకుంటాడు? ఊరికే మేత దండుగ. వాడు రెండు జోళ్లవాడి కన్నా ఎట్లా గొప్పవాడవుతాడు? పక్క మంచం బావ కూడా న్యాయం అటే ఉన్నదన్నాడు. మూడు ఒకేలాంటివి రావడం అరుదు అని నేను అరగంట చెప్పాను. చివరికి ఒప్పుకున్నాడు కాని మనసులో ఒప్పుకోలేదు. మూడు రాజులు పట్టుకుని కూడా ఒకదాన్ని పనికిరాదని పడేసి, జోడు కోసం చూసేవాడు. మిగతావి వెంటనే ఎక్కాయి. వరస అంకెలు అయిదు వస్తే బారున కట్టేసిన ఎడ్లు. అయిదూ ఒకే గుర్తువి అయితే ఒకే రంగు మంద. మూడూ రెండూ కలిసి వస్తే పిల్లలు ముగ్గురు, తల్లిదండ్రులు ఇద్దరు, నిండు కాపురం. నాలుగూ ఒకే అంకె అయితే సంతకు రాజు. ఒకే గుర్తువి వరసగా అయిదూ వస్తే దాని పేరు అడగలేదు, అది నీకూ నాకూ రాదులే అన్నాడు.

ఆడటం మొదలుపెట్టాక నేను అడుక్కుతినే స్థితికి రావడానికి ఒక పూట పట్టింది. అబద్ధం ఆడితే నా చెవులు ఎర్రబడతాయి. నాకు కనపడవు కాబట్టి నమ్మేవాణ్ని కాదు. నేను చెత్త పట్టుకుని గంభీరంగా అయిదు గింజలు పెంచగానే మా అత్త పక్కన బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తల ఎత్తకుండా, “చెవులు” అనేది. ఆట తెలియని మనిషి, ముక్కల పేర్లు తెలియని మనిషి. ఆ ఒక్క మాటకు నా కుప్ప కరిగిపోయేది.

పక్క మంచం బావది వేరే దారి. ఆయన వెల్లకిలా పడుకున్నాడు కాబట్టి మామ ముఖం ఆయనకు సరిగ్గా కనిపించేది కాదు. కనిపించినా లాభం లేదు. ఆయనకు కనిపించేది మామ కాళ్లు. చెట్టు ఎక్కేవాడు తేనెటీగల కన్నా ముందు కొమ్మను చూస్తాడు. ఆయన ఒక రోజంతా చూసి, మామ కాలి వేళ్లు అప్పుడప్పుడు లోపలికి ముడుచుకుంటాయని కనిపెట్టాడు. ముక్కలు పాడైనప్పుడు ముడుస్తున్నాడని లెక్క వేసుకున్నాడు. వేళ్లు ముడిచినప్పుడల్లా ధైర్యంగా గింజలు పెంచాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆయన దగ్గర ఒక్క గింజ మిగలలేదు.

చివరి ఆటలో మామ చేతిలో నాలుగు తొమ్మిదులు వచ్చాయి. తిప్పి చూపించి కుప్ప దగ్గరికి లాక్కున్నాడు, కాసేపటికి కళ్లు మూసుకున్నాడు. అత్త బట్టలు ఉతకడానికి బావి దగ్గరికి పోయింది. పక్క మంచం బావ నన్ను వేలితో పిలిచి గొంతు తగ్గించి ఫిర్యాదు చేశాడు.

“సారూ, మీ మామ కాళ్లు మోసం జేస్తున్నయి. నాలుగు తొమ్మిదులు పట్టుకోని కూడ వేళ్లు ముడిచిండు. చెత్త వచ్చినా ముడుస్తడు. ఇప్పుడు జూడు, పత్తాలు లేకున్నా ముడుస్తుండు.”

నేను చూశాను. దుప్పటి కింద నుంచి బయటికి వచ్చిన రెండు పాదాలు. పగుళ్లు, మట్టి ఇంకిన గోళ్లు. పది వేళ్లూ గడ్డిపోచను పట్టుకున్నట్టు లోపలికి ముడుచుకుని, వణికి, మెల్లగా విడిపోయాయి. నూరు లెక్కపెట్టేలోగా మళ్లీ ముడుచుకున్నాయి. ముఖం చూశాను. పెళ్లి ఫొటోలో ఉన్న ముఖమే.

ఆ పాదాలకు పత్తాలతో సంబంధం లేదని నాకప్పుడు తెలిసింది. పక్క మంచం బావకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. ఆయన మళ్లీ గింజల మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంటికి పంపుతామని డాక్టరమ్మ చెప్పి ఉన్నది. మా మామ ఊరికి బస్సు రోజుకు రెండుసార్లు, వానొస్తే అదీ లేదు. నేను అడిగితే ఆయన సున్నా అంటాడు. నేను వెళ్లి వేళ్లు ముడుస్తున్నాడని చెబితే ఆయన డాక్టరమ్మ ముందు కాళ్లు చాపుకుని, నవ్వకుండానే నవ్వి, అల్లుడికి భయమెక్కువ అంటాడు. నేను మంచం అంచున కూర్చున్నాను. తర్వాత ఆయన తలగడ పక్కనున్న నీలి గళ్ల తువ్వాల తీసి, ఆయన చేయి అందుకుని, రెండు చేతుల మీదా కప్పాను.

మామ కళ్లు తెరిచాడు. నేను చిన్నగా, “పదికి,” అన్నాను.

 ఆయన చేయి వెనక్కి తీసుకుంటాడేమో అనుకున్నాను. తీసుకోలేదు. నా వేళ్లు అయిదూ కలిపి పట్టుకున్నాడు. వదిలాడు. మళ్లీ నాలుగు పట్టుకున్నాడు.

నేను జీవితంలో ఒక మేకపిల్లను కూడా బేరమాడినవాణ్ని కాదు. కాని ఆ పూట బేరమాడాను. అయిదు పట్టి, రెండు పట్టాను. ఏడు అనుకుందామా మామా అని. ఆయన నా చేతిని విదిలించి, మళ్లీ నాలుగు వేళ్లు పట్టి గట్టిగా నొక్కాడు. ధర తగ్గదన్నమాట. తువ్వాల పైన మాత్రం ఆయన గొంతు మామూలుగానే ఉన్నది.

“ఎండ దిగినంక చాయ్ పట్టుకరా అల్లుడా. చక్కెర జర ఎక్కువెయ్యమను.”

చాయ్ తేలేదు. తువ్వాల మడిచి తలగడ పక్కన పెట్టి, సరాసరి డాక్టరమ్మ గదికి పోయి తొమ్మిది అని చెప్పాను. ఆమె ఎట్లా తెలుసు అని అడిగింది. ఆయనే చెప్పాడని అన్నాను. ఆమె నా ముఖం చూసి మరో మాట అడగకుండా జీపు పిలిపించింది. స్ట్రెచరు మీద పోతూ మామ నా వైపు చూడలేదు. చెట్ల వైపు చూశాడు. పక్క మంచం బావ తన ఇటుకల కింద నుంచి చేయి లేపాడు. మామ పక్కన పెట్టుకున్న చింతగింజల సంచి తీసి ఆయన మంచం మీదికి విసిరాడు. గెలిచినవన్నీ తిరిగి ఇచ్చేశాడు. ఆ ఆటలో అలాంటి నియమం లేదు.

ఖమ్మంలో మర్నాడు తెల్లవారగానే కోశారు. కోసిన డాక్టరు బయటికి వచ్చి, పిత్తాశయం పొర అప్పటికే నల్లబడి ఉన్నదని, సాయంత్రం దాకా ఆగేది కాదని చెప్పాడు. మా అత్త ఆసుపత్రి మెట్ల మీదే మోకాళ్లూనింది. నేను పక్కన నిలబడ్డాను. నా చెవులు ఏ రంగులో ఉన్నాయో తెలియదు.

మూడు రోజులకు ఆయన మాట్లాడగలిగాడు. అత్త జావ కోసం పోయినప్పుడు నేను మంచం పక్కన కూర్చుని, ఇప్పుడు నొప్పి ఎంత ఉందో అడుగుదామని తువ్వాల తీశాను. ఆయన తన చేతిని దుప్పటి లోపలికి లాక్కున్నాడు.

“తువ్వాల కింది మాట బయటేసినోన్ని సంతల మల్ల నిలవనియ్యరు అల్లుడా.”

కోపం లేదు ఆ మాటలో. ఎద్దుకు పళ్లు లేవని చెప్పినట్టు చెప్పాడు. నువ్వు బతికావు కదా మామా అని నేను అనవలసింది. అనలేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. అది వేరే సంగతి, ఇది వేరే సంగతి.

ఆ తర్వాత ఆయన మూడేళ్లు బతికాడు. కోడి కూర తిన్నాడు, సంతలకు పోయాడు, మనవరాలి చెవులు కుట్టించినప్పుడు ఆమె కన్నా ముందు తలుపు చాటుకు పోయాడు. నేను పోయినప్పుడల్లా పత్తాలు తీయమనేవాడు. నేను పంచగానే తన అయిదు ముక్కలూ తిప్పి నా ముందు పెట్టేవాడు. మూయాలి మామా అంటే, నీ దగ్గర మూసి ఏం లాభం అనేవాడు. అలా తెరిచి ఆడి కూడా నన్ను ఓడించేవాడు. నా చెవులు ఉన్నాయి కదా. కాని తువ్వాల మాత్రం మడిచి భుజం మీదే ఉండేది. నా చేతి మీదికి దాన్ని మళ్లీ తేలేదు. ఆ మూడేళ్లలో ఆ నీలి గళ్లు నా కళ్లకు ఎంత పెద్దవయ్యాయంటే, ఒక్కో గడిలో నేనొక్కణ్నే నిలబడి ఉన్నట్టు అనిపించేది.

మూడో ఏడు వానాకాలం చివర ఆయన చిక్కిపోయాడు. ఖమ్మంలో చూసినవాళ్లు ఈసారి కోసేది ఏమీ లేదని, ఇంట్లో ఉంచుకొమ్మని నాతో చెప్పారు. ఎన్నాళ్లు అని అడిగితే నెలలూ కావచ్చు, వారాలూ కావచ్చు అన్నారు. నా భార్యతో చెప్పాను. అత్తతో ఇద్దరం చెప్పలేకపోయాం. నీరసం అన్నాం. ఆమె రోజూ పొద్దున పత్తి చేనుకు పోయి, మధ్యాహ్నం వచ్చి ఆయనకు జావ తాగించేది.

ఒక మధ్యాహ్నం నేను ఇంటి ముందు పంచలో ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మబ్బు పట్టి ఉన్నది. మామ భుజం మీది తువ్వాలను తానే లాగాడు. లాగడానికి రెండు మూడు సార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నా చేయి అందుకుని పైన కప్పాడు. మూడేళ్ల తర్వాత. నేను వేళ్లు వదులుగా పెట్టి అంకె కోసం చూశాను. ఆయన వేళ్ల దగ్గర ఆగలేదు. నా అరచేతి మీదుగా పైకి జరిపి మణికట్టు పట్టుకున్నాడు. ఎడ్ల మెడలు వంచిన చేయి అది. అందులో ఇప్పుడు పిచ్చుక కాలి బలం కూడా లేదు. అయినా ఒకసారి బిగించాడు. బేరం ముగిసిందంటున్నాడని నాకు తెలిసింది. వదలకుండా అలాగే ఉంచి, తువ్వాల పైన అడిగాడు.

“వాన వస్తదంటవా?”

“వచ్చేటట్టే ఉన్నది మామా.”

అప్పుడే అత్త చేను నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని, జావ గిన్నెతో పంచలోకి వచ్చి తువ్వాలను చూసింది, నన్ను చూసింది. ఏమంటుండు మీ మామ అని అడిగింది.

ఇన్నేళ్లూ నేర్చుకున్న పోకర్ అంతా ఆ ఒక్క ఆటకు పెట్టాను. ఊపిరి నెమ్మదిగా తీసుకున్నాను. కనుబొమలు ఉన్నచోటే ఉంచాను. మామ ముఖాన్ని అరువు తెచ్చుకుని నా ముఖానికి తగిలించుకున్నాను.

“వాన వస్తదా అని అడుగుతుండు అత్తా.”

ఆమె జావ గిన్నెను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. సరే అని గిన్నె కింద పెట్టి మంచం మీద ఆయన తల దగ్గర కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను. జీవితంలో మొదటిసారి ముఖం నిలబడిందని, మామ మాట నా దగ్గరే ఉండిపోయిందని, ఆయనకు బాకీ తీరిందని అనుకున్నాను.

మర్నాడు ఆమె చేనుకు పోలేదు. పత్తి పగిలి ఉన్నది, కూలివాళ్లు ఇంటికి వచ్చి పిలిచారు, పోలేదు. ఆ మర్నాడు ఆదివారం, ప్రార్థన గుడికీ పోలేదు. ఆయన పక్కనే కూర్చుని తల దువ్వింది, గోళ్లు తీసింది, ఎప్పటివో పాత సంతల సంగతులు అడిగి చెప్పించుకుంది. మూడో రోజు పొద్దున, ఎండ పంచలోకి వచ్చే వేళకు, ఆమె చేతిలో చేయి ఉండగా ఆయన పోయాడు. అప్పుడు కూడా ముఖం మారలేదు.

ప్రార్థనలన్నీ అయ్యాక, మేం ఖమ్మం బయలుదేరే రోజు, అత్త పెట్టె తెరిచి నీలి గళ్ల తువ్వాల మడిచి నా చేతిలో పెట్టింది. దాని మీద పత్తాల కట్ట. పాపం సగమే అన్న కట్టను ఆమె బైబిలు పక్కనే దాచి ఉంచింది. కళావరు రాణి అట్టముక్క అంచు బయటికి కనిపిస్తున్నది.

వద్దులే అత్తా, నీ దగ్గరే ఉంచుకో అన్నాను. ఆమె వినలేదు. తువ్వాల అంచు సరిచేస్తూ, తల ఎత్తకుండా, బియ్యంలో రాళ్లు ఏరినప్పటి గొంతుతోనే చెప్పింది.

“ఆ రోజు వాన అన్నవు గద కొడుకా. నీ చెవులు గోంగూర కాడల లెక్క ఎర్రగయినయి. అందుకే చేనుకు పోలే నేను.”

అంటే రెండోసారి కూడా తువ్వాల కింది మాటను నేను బయట పెట్టాను, ఈసారి నోరు మెదపకుండా. మామ ఉంటే ఏమనేవాడో తెలియదు. ముఖం చూసినా తెలిసేది కాదు. తువ్వాలను ఆయన వేసుకున్నట్టే భుజం మీద వేసుకున్నాను. బస్సు వచ్చే దాకా అత్త నా పక్కన నిలబడింది. వానొస్తుందో రాదో అని ఇద్దరం మబ్బు వైపే చూస్తూ మాట్లాడుకున్నాం.